లాక్టోమీటర్ ప్రతాప్, టైమింగ్ చైను

పుంగనూరు పాల కేంద్రంలో ప్రతాప్ చేసే ఉద్యోగం అనుమానించడం. జీతం కూడా దానికే ఇస్తారు. చౌడేపల్లె వైపు పల్లెల నుంచి క్యాన్లు దిగగానే మూత తీసి, వాసన చూసి, లాక్టోమీటర్ ముంచి, ఆ తర్వాత పాలు తెచ్చిన మనిషి మొహంలోకి చూస్తాడు. పాలలో చుక్క నీళ్లు కలపని మనిషికి కూడా ఆ చూపుకి చెమట పడుతుంది. అందుకే ఊళ్లో అతన్ని లాక్టోమీటర్ ప్రతాప్ అంటారు. అది పొగడ్తా, తిట్టా అని కూడా అతనికి అనుమానమే.

ఈ అలవాటు ఆఫీసులో ఆగేది కాదు. కొబ్బరికాయ కొనేముందు ఊపి చూస్తాడు. పగలగొట్టాక చిప్పలు కూడా ఊపి చూస్తాడు. పెళ్లిచూపుల్లో ఉషారాణి పాట పాడితే, తలుపు వెనకాల నుంచి ఇంకెవరైనా పాడుతున్నారేమోనని లేచి వెళ్లి చూసి వచ్చాడు. ఆ రోజే వద్దని ఉండాల్సిందని ఉషారాణి ఇప్పటికీ అంటుంది. "పాపం, సెవుల్లో ఏమన్నా బాధేమో అనుకుంటి" అని కూడా అంటుంది.

ఉషారాణి చౌడేపల్లె అవతల ఒక పల్లె బడిలో టీచరు. బస్సు రోడ్డు మీదే దింపేస్తుంది, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆ ఆటోలో డ్రైవరు తన సీటులో సగం ప్రయాణికులకు ఇచ్చి, తను సగం గాలిలో కూర్చుని నడుపుతాడు. మొన్న వానాకాలంలో ఆ గాలిలో ఉన్న సగమే బరువైందో ఏమో, ఆటో చెరకు తోట పక్క కాలువలోకి ఒరిగింది. ఉషారాణి మణికట్టు బెణికింది. కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చి ఒకే మాట చెప్పింది.

"నాకు కారు గావల్ల. కొత్తది కాకపోయినా సరే, నాలుగు తలుపులు మూసుకునేది గావల్ల."

"కొందాం ఉషా, దానికేముండాది!" అన్నాడు ప్రతాప్ గుండె గట్టిగా చేసుకుని.

అనడం అన్నాడు గానీ అతని గుట్టు అతనికే తెలుసు. పెళ్లయిన కొత్తలో డ్రైవింగ్ నేర్చుకుందామని మదనపల్లెలో చేరి, రెండోరోజే బండిని టమోటా మార్కెట్ గేటు దగ్గర పేర్చిన క్రేట్లలోకి దింపాడు. పైనుంచి పడిన టమోటా క్రేటు పగిలి చొక్కా అంతా ఎర్రగా అయింది. జనం రక్తమనుకుని అతన్ని మంచం మీద పడుకోబెట్టి ఆసుపత్రికి మోసుకుపోయారు. సగం దారిలో మోసేవాళ్లలో ఒకడు వేలు నాకి, "పులుసుకు బాగుంటాదప్పా ఈ రక్తం" అన్నాడు. ఆ రోజు మంచం దిగి పరుగెత్తిన ప్రతాప్ మళ్లీ స్టీరింగు జోలికి పోలేదు. ఇంట్లో మాత్రం "డ్రైవింగా? దానిదేముంది, చేతిలో పని" అంటూ వచ్చాడు. ఇప్పుడు కారు వాకిట్లోకి వస్తే ఆ చేతిలో పని బయటపడుతుంది.

కాబట్టి కారు కొనకూడదు. కానీ కొనవద్దని తను చెప్పకూడదు. కార్లే తమను కొనవద్దని చెప్పాలి. అదీ పథకం.

దానికి ఆయుధం ఫోనులో దొరికింది. కార్ల కంపెనీలు తమ వర్క్‌షాపులకు బులెటిన్లు పంపుతాయట. ఫలానా ఇంజన్‌లో ఫలానా లోపం తరచుగా వస్తోంది, ఇలా కనిపెట్టండి, ఇలా బాగుచెయ్యండి అని. వాటిలో టైమింగ్ చైను గురించిన బులెటిన్ ప్రతాప్ మనసుకు బాగా పట్టింది. ఇంజన్‌లో కింద ఒక ఇరుసు, పైన ఒక ఇరుసు ఉంటాయి. రెంటినీ చైను కలుపుతుంది. కాడికి కట్టిన ఎద్దుల మాదిరి రెండూ లెక్క తప్పకుండా అడుగు వేయాలి. చైను సాగిందంటే ఒక ఎద్దు ముందుకు, ఒక ఎద్దు వెనక్కి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే కాసేపు కటకటమని చప్పుడు వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. అలాగే వదిలేస్తే ఒకరోజు ఇంజనే ఆగిపోతుంది.

ఆ మొదటి పేజీ చదివి ప్రతాప్ ఫోను గుండెలకు హత్తుకున్నాడు. రెండో పేజీ అతనికి అవసరం పడలేదు.

*

మొదట మదనపల్లెలో పాత కార్లమ్మే మునిరాజు దగ్గరికి వెళ్లారు. ఆయన్ని అందరూ సింగిల్ ఓనర్ మునిరాజు అంటారు. ఆయన అమ్మే ప్రతి కారూ ఒకే ఓనరుది, ఆ ఓనరు ఎప్పుడూ డాక్టరే. ఆయన అమ్మిన కార్లను బట్టి లెక్కవేస్తే మదనపల్లెలో రోగులకన్నా డాక్టర్లు ఎక్కువుండాలి.

ప్రతాప్ ఒక తెల్ల కారు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వెంటనే కళ్లు చిన్నవయ్యాయి.

"ఇంజన్ యాల వేడిగా ఉండాది? ముందే స్టార్ట్ సేసి చప్పుడు అణగ్గొట్టినావా?"

"ఎండలో నిలబెట్టినాం సార్. మీ తలకాయ గూడా తాకి సూసుకోండి, వేడిగానే ఉంటాది."

"సరే, టైమింగ్ ఎట్ల ఉండాది?"

"పొద్దన తొమ్మిదికి తెరుస్తాం సార్. ఆదివారం మజ్జానం దాకానే."

"నీ టైమింగ్ కాదప్పా, బండి టైమింగ్!"

"బండి రాత్రీ పగలూ ఈడే ఉంటాది సార్, యాడికి పోతాది?"

ప్రతాప్ ఫోను తీసి బులెటిన్ చూపించాడు. కంపెనీవాడే చైను సాగుతుందని ఒప్పుకున్నాడనీ, ఈ బండి ఎక్కితే కొండకిందికి పోయినట్టేననీ గట్టిగా చెప్పాడు. పక్కన వేరే బండి చూస్తున్న దంపతులు కూడా భయపడి వెళ్లిపోయారు. మునిరాజు రెండు చేతులూ జోడించాడు.

"సార్, మీరు కొనకపోయినా పర్వాల్యా. దయచేసి ఇంకో షాపుకి పోయి ఆడ కొనకుండా ఉండండి."

తిరుగు బస్సులో ఉషారాణి ఫోను అడిగి తీసుకుని చాలాసేపు చదివింది.

"ఏమప్పా, ఇది పెట్రోలు ఇంజన్‌కని రాసుండాది కదా. మనం సూసింది డీజిల్ బండి."

"ఒకే కంపెనీ కదా ఉషా. అంటుకుంటాది."

"చైనుకి గజ్జి పట్టిందా అంటుకునేదానికి?"

ప్రతాప్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఉషారాణి అతన్ని చూసింది. ఆ చూపులో ఒక చిన్న లాక్టోమీటర్ ఉందని అతనికి అప్పుడు తెలియలేదు.

*

రెండో కారు పుంగనూరులోనే, కృష్ణప్పది. కృష్ణప్ప పాడి రైతు. ప్రతాప్ కేంద్రానికే పాలు పోస్తాడు. కారుని కోడెదూడ మాదిరి చూసుకున్నాడు, రోజూ ఒళ్లు తుడిచి ముందు అద్దానికి బొట్టు పెడతాడు. ఇప్పుడు కొడుకు పెద్ద బండి కొన్నాడు కాబట్టి దీన్ని మంచి ఇంటికి ఇవ్వాలనుకున్నాడు.

"బండి బాగుండాది కృష్ణప్పా" అన్నాడు భార్యతో కలిసి చూడటానికి వెళ్లిన ప్రతాప్ విచారంగా, "కానీ దీని మింద బులెటిన్ వచ్చిందే!"

కృష్ణప్ప తువ్వాలు జారిపోయింది.

"బులెటిన్‌లో వచ్చిందా? నా కారా? యా చానల్లో?"

"చానల్ కాదప్పా..."

"రెడ్డెమ్మా! టీవీ పెట్టు! మన కారు వార్తల్లో వచ్చిందంట!"

రెడ్డెమ్మ టీవీ పెట్టింది. ఆ వార్త కన్నా ముందు పక్కింటివాళ్లు వచ్చారు. కారుకు ఏదో లోపమట అని గేటు దగ్గర అన్నారు. వీధి మలుపు తిరిగేసరికి లోపం దోషమైంది. బట్టల షాపు దాటేసరికి దోషం దొంగతనమైంది. బస్టాండు చేరేసరికి కృష్ణప్ప ఇంట్లో దొంగ కారు దొరికిందని, టీవీలో వచ్చిందని తేలిపోయింది. కాసేపటికి ఒక కానిస్టేబుల్ మోటారు సైకిలు దిగాడు.

"బులెటిన్‌లో వచ్చిన దొంగ బండి ఏది?"

అందరూ ప్రతాప్ వైపు తిరిగారు. ప్రతాప్ అప్పటికే అటు పోతున్న పాల వ్యాను ఎక్కేశాడు. చైను సాగడం అంటే ఏమిటో ఆ జనానికి, కానిస్టేబుల్‌కి, రెడ్డెమ్మకి ఉషారాణి బోర్డు మీద బొమ్మ గీసినట్టు ఒక్కొక్కటే చెప్పి, ఆ బులెటిన్ ఈ కారు పుట్టకముందు తయారైన బండ్లదని చదివి వినిపించి, కృష్ణప్పకు క్షమాపణ చెప్పి ఇంటికొచ్చింది.

మర్నాడు కృష్ణప్ప పాల క్యాన్ దించి, ప్రతాప్ చేతిలోని గాజు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ లాక్టోమీటర్ మింద ఏమన్నా బులెటిన్ వచ్చిందా సార్?"

వెనక వరుసలో ఉన్న పాడి రైతులంతా నవ్వారు. ప్రతాప్ నవ్వలేదు. ఆ రోజు ఎవరి పాలనూ అనుమానించే ధైర్యం అతనికి రాలేదు.

ఇంట్లో మాత్రం ఉషారాణి ఒక్క మాట అనలేదు. అన్నం వడ్డించింది, పెరుగు వేసింది. "ఆ చైను సాగితే లైటు వెలుగుతాదా?", "చైను మార్చిన బండికి మళ్లీ చప్పుడొస్తాదా?" అని అప్పుడప్పుడు అమాయకంగా అడిగింది. ప్రతాప్‌కి తెలియదు. తెలిసినట్టు తలూపాడు. భార్య ఆసక్తి చూసి లోలోపల మురిసిపోయాడు కూడా. ఇంకొక్క కారుని ఓడిస్తే ఆమే విసిగిపోయి వద్దంటుందని అతని ధీమా.

*

మూడో కారు కుప్పంలో ఉంది. ఉషారాణి టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పటి స్నేహితురాలు మునీరాది. మునీరా కూడా టీచరే. భర్త నిజాముద్దీన్ ఇంటి ముందుగదిలో దర్జీ కొట్టు నడుపుతాడు. బెంగళూరు పెళ్లిళ్లకు షేర్వానీలు కుట్టి పంపేంత పేరున్నవాడు. ఇద్దరు పిల్లలూ ఎదిగారని పెద్ద కారు కొనుక్కుని చిన్నది అమ్ముతున్నారు.

బస్సు దిగకముందే ప్రతాప్ భార్యకు పాఠం చెప్పాడు.

"సూడు ఉషా, బండి నచ్చినా నచ్చినట్టు కనపడగూడదు. మొహం సిట్లించుకోని ఉండల్ల. స్నేహితురాలని మెత్తబడితే మోసపోతాము. స్నేహితులే ముందు అంటగడతారు."

"సరేప్పా. మొహం నీ మాదిరి పెట్టుకుంటా."

నీలిరంగు చిన్న కారు షెడ్డు నీడలో ఉంది. ప్రతాప్ బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. అతని అనుమానం రెట్టింపైంది.

"వేడిగా ఉండల్సిన బండి ఇంత సల్లగా యాల ఉండాది? నీళ్లు పోసినారా?"

"పొద్దన్నించి ఎవురూ తియ్యల్యా సార్" అంది మునీరా. "సల్లగా ఉంటేనే టైమింగ్ చప్పుడు తెలుస్తాదని ఉష చెప్పింది."

ప్రతాప్ భార్య వైపు చూశాడు. ఆమె చెప్పినట్టే మొహం చిట్లించుకుని నిలబడి ఉంది.

మునీరా టీ తెచ్చింది. ప్రతాప్ వద్దన్నాడు. టీ తాగితే మొహమాటం వస్తుంది. బిస్కట్లు పెట్టింది. అవీ వద్దన్నాడు. మునీరా నిన్న పండక్కి మిగిలిన సేమ్యా తెచ్చేసరికి మాత్రం, మిగిలిందే కాబట్టి మొహమాటం లేకుండా తినవచ్చునని సర్దుకుని గిన్నె ఖాళీ చేశాడు. తర్వాత మూతి తుడుచుకుని న్యాయమూర్తిలా లేచాడు.

"ఇంజన్ చప్పుడు వినల్ల. ఎవురూ మాట్లాడగూడదు."

బానెట్ ఎత్తించాడు. నడుం వంచి, చెవి ఇంజన్‌కి దగ్గరగా పెట్టి, పాట వినే పెద్దమనిషిలా కళ్లు మూసుకున్నాడు.

"ఊఁ. స్టార్ట్ సెయ్యి."

చప్పుడు వచ్చింది. కట కట కట కట. కాసేపు ఆగి, మళ్లీ కట కట కట కట.

ప్రతాప్ మొహం వెలిగిపోయింది. ఇంతకాలం ఫోనులో చదివిన చప్పుడు, మదనపల్లెలో దొరకని చప్పుడు, పుంగనూరులో వినబడకముందే తను పారిపోయిన చప్పుడు, అచ్చంగా చెవిలో మోగుతోంది.

"ఇదే! ఇదే చైను!" కళ్లు తెరవకుండానే చెయ్యెత్తాడు. "వింటాండావా ఉషా? సాగిపోయింది. పూర్తిగా సాగిపోయింది. పైన ఇరుసు ఒక దారి, కింద ఇరుసు ఒక దారి. ఆగతాండాది, మళ్లీ వస్తాండాది, సూడు! ఇంకో పది మైళ్లు పోతే ఇంజన్ పేలిపోతాది. మునీరమ్మా, ఏమీ అనుకోవద్దు, ఇది కారు కాదు, బాంబు!"

చప్పుడు ఆగింది.

ప్రతాప్ కళ్లు తెరిచాడు. ఉషారాణి అతని ఎదురుగానే నిలబడి ఉంది. కారు తాళం చెవి ఆమె చూపుడువేలికి వేలాడుతోంది. డ్రైవరు సీటులో ఎవరూ లేరు.

ముందుగది కిటికీలోంచి నిజాముద్దీన్ తల బయటికి వచ్చింది. మెడలో టేపు ఉంది.

"భాయ్ సాబ్, అది నా కుట్టుమిషను. దానికి చైను ల్యా, బెల్టు ఉండాది. పేలిపోతాదంటారా? లోపల పెళ్లికొడుకు షేర్వానీ ఉండాది, తీసేస్తా."

మునీరా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. లోపలి నుంచి నవ్వు వినబడింది. చుట్టుపక్కల ఇళ్ల నుంచి కూడా వినబడినట్టు ప్రతాప్‌కి అనుమానం.

ఉషారాణి నవ్వలేదు. సీటులో కూర్చుని తాళం తిప్పింది. ఇంజన్ కడుపునిండిన పిల్లిలా గురుగురుమంది. కటకట లేదు, లోపం చూపే లైటూ లేదు.

"ఇప్పుడు విను" అంది. "ఈ బండి నిజంగానే నీ బులెటిన్‌లో ఉండే బండి. పెట్రోలుది, ఆ ఏండ్లదే. చప్పుడు కూడా వచ్చింది పోయినేడు. వీళ్లు చైను మార్పించినారు, దాన్ని బిగించి పట్టే భాగం కూడా మార్పించినారు. పోయిన ఆదివారం నేనొచ్చి, పలమనేరు మెకానిక్కుని పిలిపించి, సల్లటి ఇంజన్ మీద సూపిచ్చినా. రెండిరుసులూ లెక్క తప్పకుండా తిరగతాండాయని మిషను పెట్టి సూసి సెప్పినాడు."

"అయితే... బులెటిన్..."

"రెండో పేజీ సదివినావా?"

ప్రతాప్ షూ లేసు వైపు చూసుకున్నాడు.

"రోగం ఏందని మొదటి పేజీలో ఉండాది. ఎవురికి వస్తాది, ఎట్ల నయం జెయ్యల్ల అనేది రెండో పేజీలో ఉండాది. బులెటిన్ వచ్చిందంటే బండి చచ్చిందని కాదప్పా. రోగం తెలిసింది, మందూ తెలిసిందని. అది వేసుకున్నారా ల్యాదా అని అడిగితే సాలు. నువ్వు అడగల్యా, అరిచినావు."

"తెలిసీ నన్ను ఇంతదూరం యాల పిలుచుకొచ్చినావు?"

"నువ్వు ల్యాకుండా కొంటే జీవితమంతా నా మింద బులెటిన్లు వేస్తావు. నువ్వే విని, నువ్వే తీర్పు సెప్పి, నువ్వే నోరు మూసుకోవల్లని పిలుచుకొచ్చినా."

నోరు మూసుకోవడం అప్పటికే జరిగిపోయింది. కానీ ప్రతాప్‌కి చివరి ఆశ ఒకటి మిగిలింది.

"సరే, కొన్నాం అనుకో. పుంగనూరు దాకా ఎవురు నడపల్ల? నాకు ఈపొద్దు భుజం నొప్పిగా ఉండాది."

"నేను."

"నీకు డ్రైవింగ్ యాడొచ్చింది?"

"ఆదివారం ఆదివారం మదనపల్లెకి ట్రైనింగ్‌కి పోతాండానంటి కదా. యా ట్రైనింగని నువ్వు అడగనే ల్యా. లైసెన్సు గూడా వచ్చింది. కొబ్బరిచిప్పని అనుమానిస్తావు, చైనుని అనుమానిస్తావు. ఊరంతా తిరిగి అనుమానించినావు గానీ ఇంట్లో మనిషిని మాత్రం మరిచిపోయినావు."

అది తిట్టో, నమ్మకానికి మెచ్చుకోలో ప్రతాప్‌కి అర్థం కాలేదు. రెండూ అయి ఉంటుందని అనుమానించాడు.

*

నిజాముద్దీన్ షేర్వానీ పక్కన పెట్టి వచ్చి, కొత్త యజమానురాలి మణికట్టు నొప్పి తెలిసి, స్టీరింగుకి మెత్తటి తొడుగు కుట్టి ఇచ్చాడు. బండి కుప్పం దాటింది. ఉషారాణి నడిపే తీరు చూసి ప్రతాప్ మొదట సీటు బెల్టు పట్టుకున్నాడు, తర్వాత తలుపు పట్టుకున్నాడు. వి.కోట వచ్చేసరికి ఏమీ పట్టుకోకుండా కూర్చోగలిగాడు. ఆమె లారీలకు దారి ఇస్తోంది, మేకలకు ఆగుతోంది. బెణికిన చెయ్యి గేరు మీద హాయిగా ఉంది. సగం గాలిలో కూర్చుని నడిపే ఆ డ్రైవరు ఆటోలోనే ఆమె ఇన్నాళ్లు వెళ్లిందని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఆమె కారు కొనకుండా ఆపడానికి తను ఎన్ని కార్ల మీద అబద్ధపు నింద వేశాడో అదీ గుర్తొచ్చింది. ఏదో చెప్పాలనుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఉషా, నేను డ్రైవింగ్..."

"తెలుసులేప్పా. ఆ సొక్కా ఉతికింది నేనే కదా. జేబులో గుప్పెడు టమోటా గింజలు. పెరట్లో సల్లితే మొలిసినాయి గూడా."

కాసేపటికి రోడ్డు పక్కన కాయ పెరికేసిన వేరుశనగ చేను, దాని వెంట పెద్ద ఖాళీ మైదానం కనిపించాయి. మనిషి లేడు, గొడ్డు లేదు. ఉషారాణి బండిని మైదానంలోకి దింపి ఆపింది. తన తలుపు తీసుకుని దిగి, ఇటువైపు వచ్చి అతని తలుపు తీసింది.

"దిగు. ఆ పక్కకి పో."

"ఇప్పుడా? ఎవురన్నా సూస్తే?"

"సూస్తే సూడనీ. రేపు నాకు జొరమొస్తే నన్ను బడికి ఎవురు దింపల్ల? ఆటోనా?"

ఆ ప్రశ్నకి బులెటిన్ ఏదీ లేదు. ప్రతాప్ బండి చుట్టూ తిరిగి వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. చేతులు చెమటపట్టాయి. పాల క్యాన్ల వెనక నిలబడే రైతుల మొహాలు ఎందుకలా ఉంటాయో అతనికి మొదటిసారి తెలిసింది. తాళం తిప్పబోయి ఆగాడు.

"ఉషా, ఒక అనుమానం."

"ఏంది?"

"మధ్యలోది బ్రేకే కదా?"

ఉషారాణి ఆ రోజుకి మొదటిసారి పగలబడి నవ్వింది.

"నీ జన్మలో ఇదొక్కటే పనికొచ్చే అనుమానం అప్పా. బ్రేకే. ఇంక పోనీ."

బండి ఒకసారి ఉలిక్కిపడి, రెండుసార్లు దగ్గి, ఎవరినీ ఏమీ అనకుండా మెల్లగా కదిలింది.